ఏడు పూల కప్పు, తొమ్మిది పూల సాసరు

నేను ఒక టీ కప్పును, అందులోనూ చెవి విరిగిన కప్పును. నా కింద పరుచుకుని కూర్చున్నది సాసరు. ఇద్దరిదీ ఒకే మట్టి, ఒకే బట్టీ. పుట్టింది కూడా ఒకే రోజు. చూసినవాళ్ళు చక్కని జంట అంటారు. నేను ముందే చెప్పేస్తున్నాను, నాకు దానంటే పడదు. పుట్టిన రోజు నుంచీ పడలేదు. పైకి నవ్వుతూ లోపల కుళ్ళుకునే రకాన్ని కాను. నా కుళ్ళు నా అంచు మీదే ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

మా పుట్టిల్లు ఇంగ్లండులో ఒక పొగగొట్టాల ఊరు. అక్కడ తెల్లమట్టిలో ఎద్దుల ఎముకల బూడిద కలిపి పింగాణీ చేస్తారు. అలా చేస్తేనే వెలుతురుకి ఎత్తి చూసినప్పుడు అవతలి వేళ్ళ నీడ కనిపించేంత పల్చగా వస్తుంది. ఎముకల సంగతి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. పలాసలో నా చేత పంచదార వేయించుకుని తాగిన నిష్ఠాపరులు ఇంకా కొందరు బతికే ఉన్నారు.

బట్టీలోంచి తీశాక మాకు పూలు వేసింది ఒక ముసలావిడ. సన్నటి కుంచెతో నా చుట్టూ ఏడు నీలం పూలు వేసింది. సాసరు అంచు వెడల్పు కాబట్టి దానికి తొమ్మిది పట్టాయి. వెడల్పుల సంగతి నాకప్పుడు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, దానికి తొమ్మిది, నాకు ఏడు. మా తగాదా అక్కడ మొదలైంది.

అయినా నాకు చెవి ఉండేది. అందంగా వంపు తిరిగి, సరిగ్గా ఒక వేలు దూరేంత సందుతో ఉండేది. సాసరుకి అలాంటిదేమీ లేదు. గడ్డి నింపిన పెట్టెలో ఓడ ఎక్కి, కలకత్తాలో దిగి, స్టీమరు మీద బ్రహ్మపుత్రకి ఎదురెక్కి, అస్సాంలో ఒక టీ తోట బంగళా చేరేదాకా ఆ చెవిని చూసుకునే మురిసిపోయాను. దారి పొడుగునా సాసరు హాయిగా నిద్రపోయింది. దానికి దేనికీ బెంగ ఉండదు. అదీ నాకు కంటగింపే.

ఆ తోట మేనేజరు హార్పర్ దొర. మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను. కప్పులతో మర్యాదగా ఉండేవాడు, కూలీలతో ఉండేవాడు కాదు. ఆదివారం సాయంత్రం చుట్టుపక్కల తోటల దొరలు వరండాలో చేరితే, ఈయన టీ పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకునేవాడు. విన్నవాళ్ళే పాపం మళ్ళీ వినేవాళ్ళు. నేను మాత్రం ప్రతిసారీ శ్రద్ధగా విన్నాను.

చైనాలో వేల ఏళ్ళ కిందట ఒక రాజు చెట్టు కింద నీళ్ళు కాచుకుంటుంటే నాలుగు ఆకులు ఎగిరొచ్చి గిన్నెలో పడ్డాయట. రాజు గిన్నెలో పడ్డాయి కాబట్టి కథ అయింది. వంటమనిషి గిన్నెలో పడితే తిట్టుకుంటూ పారబోసి వేరే నీళ్ళు పెట్టుకునేది. మొదట్లో దాన్ని మందుగా తాగారు. తర్వాత సన్యాసులు ధ్యానంలో కునుకు రాకుండా తాగారు. ఉప్పు వేసి కాచారు. ఇటుకల్లా అచ్చులు పోసి, ఆ ఇటుకలిచ్చి గుర్రాలు తెచ్చుకున్నారు. టిబెట్టు వాళ్ళు వెన్న వేసుకున్నారు. జపాను వాళ్ళు ఆకుని పొడి చేసి వెదురు కుంచెతో గిలక్కొట్టి, ఒక్క గిన్నెడు తాగడానికి ఒక పూటంతా పెట్టారు. ఎవరెలా తాగినా తాగింది గిన్నెతోనే, అంటే మా తాతముత్తాతలతోనే. సాసరు ఊసే లేదు. ఆ భాగం దొర ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరేది కాదు.

తర్వాత ఆ చైనాలోనే ఒక అధికారి కూతురు వచ్చి అంతా చెడగొట్టింది. ఆ అమ్మాయికి కప్పు వేడికి వేళ్ళు కాలాయట. అందుకని కప్పు కింద చిన్న పళ్ళెం పెట్టించిందట. నిజమో కట్టుకథో దొరకీ తెలియదు. వేళ్ళు కాలితే కాసేపు ఆగాలి గాని, లోకం మీదికి సాసరుని వదులుతారా?

టీ ఓడలెక్కి ఐరోపా వెళ్ళాక అక్కడి సుకుమారులకీ వేళ్ళు కాలాయి. వాళ్ళు మా జాతికి చెవులు అతికించారు. ఇంకేం, మా రోజులొచ్చాయి అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా వింటే, ఆ ఇంగ్లండులోనే గొప్పింటి ఆడవాళ్ళు కూడా ఒకప్పుడు టీని సాసరులోకి ఒంపుకుని జుర్రేవాళ్ళట! టీకి రమ్మని పిలవాలంటే ‘మా ఇంట్లో ఒక పళ్ళెం టీ తాగి వెళ్ళండి’ అనేవాళ్ళట. రష్యా వర్తకులయితే పంచదార గడ్డ పళ్ళ మధ్య బిగించి, సాసరుని అయిదు వేళ్ళ మీద నిలబెట్టుకుని తాగేవాళ్ళట. ఈ ముక్క దగ్గర అతిథులందరూ పకపకా నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఆ ఆకు కోసం మనుషులు చేసిన పనులు విన్నప్పుడు మాత్రం నా కుళ్ళు నాకే చిన్నదనిపించేది. చైనా వాళ్ళు టీకి బదులు వెండి తప్ప మరొకటి పుచ్చుకోమంటే, ఇంగ్లండు దొరలు వాళ్ళకి నల్లమందు అలవాటు చేశారు. వద్దు మొర్రో అంటే ఫిరంగులు పేల్చారు. అస్సాం అడవుల్లో టీ చెట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. అక్కడి సింగ్‌ఫో జనం ఆకుని వెదురు గొట్టాల్లో కూరి, పొగబెట్టి దాచుకుని, తరతరాలుగా తాగుతున్నారు. ఆ సంగతి తెలిశాక కూడా చైనా మొక్కే గొప్పదని ఒక దొర జడ అల్లుకుని, చైనా వేషం వేసుకుని వెళ్ళి మొక్కలు తరలించుకొచ్చాడు. పెరట్లో ఉన్నది కంటికి ఆనక పక్కింటి చెట్టు మీద మనసు పడటం నాకొక్కదానికే ఉన్న జబ్బు కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది.

మేం పుట్టేనాటికి మర్యాద తిరగబడింది. సాసరులో తాగడం మోటుతనం అయిపోయింది. హార్పర్ దొర నా చెవిలో వేలు దూర్చి, నా అంచుకి పెదవి ఆనించి తాగేవాడు. చివర్న మిగిలింది సాసరులోకి ఒంపి కింద కుక్కకి పెట్టేవాడు. కుక్క ఆ తొమ్మిది పూలనీ నాకుతుంటే నేను బల్ల మీద నుంచి చూసేదాన్ని. నిజం చెప్పొద్దూ, నా బతుకులో అంత సుఖపడిన రోజులు మళ్ళీ రాలేదు.

ఒక వానాకాలం బేరర్ చెయ్యి జారి నేను మెట్ల మీద పడ్డాను. చెవి విరిగింది. విరిగిన కప్పు అతిథుల ముందు పెట్టలేం, కప్పు లేని సాసరు ఏం చేసుకుంటాం అని దొరసాని ఇద్దరినీ బయట పారెయ్యమంది. దెబ్బ తగిలింది నాకు. అయినా సాసరూ బయటికి వచ్చింది. దాని మీద చిన్న గీత కూడా లేదు. అంత బాధలోనూ అది నాతో పాటు బూడిద కుప్ప మీద పడినందుకు సంతోషించాను.

మమ్మల్ని ఆ కుప్పలోంచి ఏరుకున్నది నూకరత్నం. తోటలో ఆకు తెంపే మనిషి, ఇరవై ఏళ్ళుంటాయేమో. టెక్కలి పక్క పల్లె నుంచి, తోటలకి కూలీలని చేర్చే సర్దారు మాట నమ్మి మొగుడు దాలయ్యతో వచ్చింది. చల్లటి దేశం, చెట్టు మీద ఆకు కోసుకోవడమే పని అని చెప్పాడట సర్దారు. చల్లటి దేశమే. జలగల సంగతీ జ్వరాల సంగతీ చెప్పలేదు. నుదుటికి పట్టీ తగిలించుకుని వీపున బుట్ట మోస్తూ, రెండాకులూ ఒక మొగ్గా, రెండాకులూ ఒక మొగ్గా, పొద్దుగూకేదాకా తెంపేది. ఆ ఆకుని వాడబెట్టి నలిపే కార్ఖానాలో దాలయ్య పని. మంచి ఆకు లండను పోయేది. నేల మీద ఊడ్చిన నుసి కూలీలు ఉండే వరస గదులకి, అంటే లైన్లకి వచ్చేది. వాళ్ళకి పాలు లేవు, పంచదార లేదు. చెమటలో పోయిన ఉప్పు మళ్ళీ ఒంట్లోకి రావాలి గనక ఎర్రటి డికాషన్‌లో ఉప్పు వేసుకుని తాగేవాళ్ళు. దొర చెప్పిన టీ కథల్లో ఈ టీ ఎప్పుడూ రాలేదు, తయారయ్యేది మాత్రం ఆయన పెరటి వెనకే.

వాళ్ళ గదిలో నేనొక్కదాన్నే కప్పు, అదొక్కటే సాసరు. నాకు చెవి లేదు కాబట్టి వేడి టీ పోశాక నన్ను ఎవరూ పట్టుకోలేరు. నూకరత్నం నన్ను నింపి సాసరు మీద పెట్టి తెచ్చేది. దాలయ్య నా అంచుని గుడ్డతో పట్టుకుని సగం సాసరులోకి ఒంపుకునేవాడు. ఊదుకుంటూ, చప్పుడు చేస్తూ జుర్రేవాడు. తర్వాత మిగతా సగం అదే సాసరులోకి ఒంపి ఆమెకి అందించేవాడు. ఆమె అతని పెదవి తగిలిన చోటే చూసుకుని తాగేది. రోజూ ఇద్దరి పెదవులూ దానికే. కాలే టీని కడుపులో పెట్టుకుని మోసుకొచ్చేది నేను, ముద్దులు దానికి. పైగా ఈ అదృష్టం దానికి పట్టింది నా చెవి విరగబట్టే!

“ఒలే నూకీ, ఇంకో సాసరు దొరికితే ఇద్దరం ఒకేపాలి తాగీవొచ్చు” అనేవాడు దాలయ్య.

“రెండెందుకు మావా, ఒకటుంటేనే బాగున్నాది” అనేది ఆమె.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు బీట పడినంత పనయ్యేది. అప్పటి నుంచి నాకు మిగిలిన కోరిక ఒక్కటే. ఈ ఇద్దరూ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా అంచు మీద పెదవి పెట్టి తాగాలి.

ఇంతలో యుద్ధం వచ్చింది. జపాను వాళ్ళు బర్మా దాకా వచ్చేశారు. అడవిలో రోడ్డు వెయ్యాలని తోటల నుంచి మగవాళ్ళని గుంపులుగా లారీలెక్కించారు. మా లైన్ల నుంచి వెళ్ళాల్సినవాళ్ళలో దాలయ్య కూడా ఉన్నాడు.

ఆ పొద్దున జరిగింది చూసినవాళ్ళం ఇద్దరమే, నేనూ సాసరూ. నూకరత్నం టీ కాచి నన్ను నింపి, సాసరు మీద పెట్టింది. ఉప్పు డబ్బా తీసి చూస్తే అడుగంటి ఉంది. ఉప్పు లేని టీ ఇచ్చి మొగుణ్ణి పంపడానికి ఆమెకి మనసొప్పలేదు. “ఉండు మావా, ఇప్పుడే వొచ్చెత్తాను” అని ఉప్పు కోసం పక్క లైన్లోకి పరిగెత్తింది. ఆమె అటు వెళ్ళగానే లారీ హారన్ మోగింది. సర్దారు పేర్లు పిలవడం మొదలెట్టాడు. దాలయ్య వాకిలి వైపు చూశాడు, నా వైపు చూశాడు. తుండుగుడ్డ కొస నా చుట్టూ చుట్టి ఎత్తి, నా అంచుకి నోరు ఆనించాడు!

పొగలు కక్కుతున్న టీని రెండు గుక్కల్లో సగం తాగేశాడు. అతని పెదవి కాలడం నాకు తెలుస్తూనే ఉంది. ఆపమని చెప్పడానికి నాకు గొంతు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు. మిగిలిన సగం సాసరులో పోసేసి, మూట భుజాన వేసుకుని పరిగెత్తాడు. తాగింది నాతో. సాసరుకి దక్కింది మిగిలిన ఎంగిలి. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి.

నూకరత్నం గుప్పిట్లో ఉప్పుతో తిరిగొచ్చేసరికి లారీ మలుపు తిరుగుతోంది. కొంత దూరం వెంటబడింది. అతను వెనక బల్ల మీద నుంచి చెయ్యి ఊపాడో, ఎవరు ఊపారో దుమ్ములో ఆమెకి తెలియలేదు. గదిలోకి వచ్చి చూస్తే సాసరులో సగం టీ ఉంది. రోజూలాగే సాసరులో తాగి, తన వాటా ఒంపి వెళ్ళాడనుకుంది. చెమటకి తడిసిన ఉప్పు అందులో వేసుకుంది. అతని పెదవి ఎక్కడ పడి ఉంటుందో అంచంతా తడిమి చూసి, ఒక పువ్వు దగ్గర నిర్ణయించుకుని అక్కడ తాగింది. అక్కడ అతని పెదవి పడనే లేదు. పడింది నా మీద, మూడో పువ్వుకీ నాలుగో పువ్వుకీ మధ్య. మీకయితే చెబుతున్నాను, ఆమెకెలా చెప్పను?

ఆ రోడ్డు మీద పోయినవాళ్ళ పేర్లు రాసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. యుద్ధం అయిపోయింది, కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. దాలయ్య రాలేదు, కబురూ రాలేదు. ఉన్నాడో లేడో తెలియని మనిషి కోసం రెండేళ్ళు చూసి, నూకరత్నం మా ఇద్దరినీ పాత చీరలో చుట్టుకుని రైలెక్కింది. పల్లెకి వెళ్ళలేదు. పలాస స్టేషను ఎదురుగా తాటాకుల పాక వేసి టీ కొట్టు పెట్టింది. హౌరా మెయిలు ఆగేది అక్కడే. అతను ఎప్పుడొచ్చినా దిగాల్సింది అక్కడే.

అప్పటికి అక్కడి జనానికి అంబలి తెలుసు, గంజి తెలుసు, టీ పెద్దగా తెలియదు. అంతకు ముందు టీ ప్రచారం బండ్లు వచ్చి వీధుల్లో ఊరికే పోసి వెళ్ళాయట. ఆ రుచి గుర్తున్నవాళ్ళు నలుగురు కొట్టుకి వచ్చారు. నూకరత్నం తనకి తెలిసిన టీయే ఇచ్చింది, పాలు లేకుండా, ఉప్పు వేసి. మొదటి గుక్క తాగిన రైల్వే గేటు మనిషి మొహం నాకింకా గుర్తే.

“ఏటమ్మా ఇది, టీ యేటి, చారేటి?”

“తోటల్లో మాం ఇలగే తాగుతాం బాబూ.”

“అయితే పోపెయ్యడం మర్సిపోనావు” అని పక్కన పారబోశాడు.

ఊరంతా నవ్వింది. వారం తిరక్కుండా ఆమె పాలూ పంచదారా వెయ్యడం నేర్చుకుంది. జీడిపిక్కల కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్ళూ, రైలు డ్రైవర్లూ, బస్సుల కోసం కూర్చునేవాళ్ళూ, అందరూ గాజు గ్లాసుల్లో తాగి వెళ్ళేవాళ్ళు. ఆమె పేరు పోయి అస్సామమ్మ అయింది.

ఇక మా సంగతి వినండి. పంచదార తోడటానికి ఏదో ఒకటి కావాలి గదా అని నన్ను పంచదార డబ్బాలో పడేసింది. ఎముకలు కలిసిన ఇంగ్లండు పింగాణీని, హార్పర్ దొర పెదవి ఎరిగిన కప్పును, డబ్బాలో బోర్లా పడి ఉండి చీమలతో కాపురం చేశాను. సాసరు మాత్రం గూట్లో, మెత్తటి గుడ్డ మీద. కడగడం ఆమే, తుడవడం ఆమే, మరొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. సాయంత్రం మెయిలు వచ్చే వేళకి లేచి నిలబడి, దిగినవాళ్ళ మొహాలన్నీ ఒకటొకటే చూసేది. బండి కదిలాక సాసరు దించేది. ఎర్రటి టీ కాచి, ఉప్పు వేసి, గిన్నెలోంచి నేరుగా సాసరులోనే పోసుకుని, ఆ పువ్వు దగ్గరే పెదవి ఆనించి తాగేది. మధ్యలో నా అవసరం కూడా లేకుండా పోయింది.

ఇలా ముప్పై ఏళ్ళు. రోజూ డబ్బా అంచు మీద నుంచి చూసేదాన్ని. అది కాదమ్మా, నేను, అతని పెదవి పడింది నా మీద అని రోజూ అనుకునేదాన్ని. సాసరుకి తెలుసు, అది కూడా ఆ పొద్దున అక్కడే ఉంది. తనది కాని పూజ అందుకుంటూ, సిగ్గు లేకుండా గూట్లో తొమ్మిది పూలూ విప్పుకుని కూర్చునేది. అది పగిలిపోవాలని ఎన్నిసార్లు కోరుకున్నానో లెక్క లేదు. పిల్లి గూటి మీదికి దూకిన ప్రతిసారీ నాకు ఆశ పుట్టేది. దిక్కుమాలిన పిల్లి, ఎంత జాగ్రత్తగా నడిచేదో!

ఒక మధ్యాహ్నం బస్సు కోసం వచ్చిన ముసలాయన ఒకరు కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు.

“ఒక టీ ఇయ్యమ్మా. పాలొద్దు, పంచదారొద్దు. ఇంత ఉప్పేసి ఇయ్యి.”

నూకరత్నం వేరే ఎవరికో పంచదార తోడుతోంది. నేను ఆమె చేతిలో ఉన్నాను. ఆ చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది.

“ఏ తోట బాబూ మీది?” అంది.

అతను నవ్వి తోట పేరు చెప్పాడు. మా తోట కాదు, ఏటి అవతలిది. పేరు కూర్మయ్య. అక్కడే ఉండిపోయాడట, చెల్లెల్ని చూడటానికి ఇన్నేళ్ళకి వచ్చాడట. ఆమె ఉప్పు వేసిన టీ అతని ముందు పెట్టి, తను కింద కూర్చుంది.

“యుద్ధంలో రోడ్డు పనికి మీరూ ఎల్లినారా?”

“ఎల్లకేటి సేత్తాం. లారీ ఎక్కించీసినారు గదా.”

“మన వైపోలు ఇంకెవులన్నా ఉండీవోలా?” మొగుడి పేరు ఆమె నోటితో చెప్పదు. నా ఎరుకలో ఎన్నడూ చెప్పలేదు.

“టెక్కలి కాడోడు ఒకడుండీవోడు, దాలయ్యని” అని కూర్మయ్య ఏదో గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు. “ఆడు మా లారీ ఎక్కినప్పుడే ఆడి మూతి సూసి అందరం నవ్వీసినాం తల్లీ. కింది పెదివి ఇంత లావు పొక్కీసింది. ఏటయ్యా అంటే, సలసల కాగిన టీ కప్పుతోటే తాగీసినాడంట. ఎర్రినాగన్నా, మీ ఇంట్ల సాసరు నేదేటిరా అన్నాం. ఉన్నాదన్నాడు. ఒకటే సాసరంట. అందులో ఊదుకుంటా తాగితే పెళ్ళాం వాటా సల్లారీ టయిము నేదంట. దాని వాటా కప్పులోనే వొగ్గీసి రావొచ్చు గదా అంటే, కప్పుకి సెవి నేదు, దాని సెయ్యి కాల్తాది అన్నాడు. అందుకని దాని వాటా సాసర్లో పోసీసి, తనది కప్పుతోటే గుటుక్కున మింగీసినాడంట. వారం రోజులు అన్నం తింటే మంట. మండినప్పుడల్లా నవ్వీవోడు.”

నూకరత్నం నవ్వలేదు. “ఇప్పుడెక్కడున్నాడు?” అని అడిగింది.

“ఇంకెక్కడ తల్లీ. ఆ వానల్లోనే జొరమొచ్చి పోనాడు. రోడ్డు పక్కనే కప్పెట్టీసినాం. నానూ ఒక తట్ట మన్నేసినాను.” గ్లాసు కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. “నీకు సుట్టమేటి?”

“సుట్టమే బాబూ” అంది ఆమె.

బస్సు వచ్చింది. కూర్మయ్య వెళ్ళిపోయాడు. సాయంత్రం మెయిలు కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నూకరత్నం లేచి నిలబడలేదు. బండి కదిలిపోయాక కొట్టు ముందు తడిక దించి, నన్ను డబ్బాలోంచి తీసింది. పంచదార దులిపి, బూడిదతో తోమి, మూడు నీళ్ళతో కడిగింది. నా విరిగిన చెవి మొదలుని బొటనవేలితో తడిమింది. టీ కాచి నన్ను నింపింది. ఉప్పు వెయ్యలేదు, ఆ పొద్దున అతను తాగిన టీలో ఉప్పు లేదు. కొంగు నా చుట్టూ చుట్టి ఎత్తింది. నేను ముప్పై ఏళ్ళుగా అడిగింది నా దగ్గరికి వస్తోంది. చల్లారనివ్వమ్మా అని మనసులో అనుకున్నాను. ఆమె ఆగలేదు. టీ పొగలు కక్కుతుండగానే నా అంచు మీద పెదవి పెట్టి రెండు గుక్కలు తాగింది. అయిదో పువ్వు దగ్గర తాగింది. ఆమెకి ఆ చోటు తెలియదు గదా.

కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, కాలిన పెదవి మీద వేలు పెట్టుకుని చూసుకుంది.

“ఇంత కాలిందేటి మావా నీకు” అంది.

తర్వాత మిగతా సగం సాసరులోకి ఒంపి, అందులో ఉప్పు వేసి, బల్లకి ఆ చివర ఎవరో కూర్చున్నట్టు అక్కడ పెట్టింది. చల్లారిపోయేదాకా దానికేసి చూస్తూ కూర్చుంది.

సాసరుకి దక్కింది మిగిలిన ఎంగిలి అని ఇందాక మీకు చెప్పాను. ముప్పై ఏళ్ళూ నేను అలాగే అనుకున్నాను, అలా అనుకుంటేనే నాకు బాగుండేది. అది ఎంగిలి కాదు, ఆమె వాటా. కాలేది తను తాగి, చల్లారేది ఆమెకి ఉంచి వెళ్ళాడు. అతను ఆఖరుసారి ఆమెకి ఇచ్చింది సాసరులోనే ఉంది. అతను నన్ను ఎత్తుకున్నది నా మీద ప్రేమతో కాదు, మరో దారి లేక. ఇది ఒప్పుకోవడం నాకు ఎంత కష్టమో మీకు తెలియదు.

ఇప్పుడు పాక పోయి రేకుల షెడ్డు వచ్చింది. నూకరత్నం జుట్టు ముగ్గుబుట్టయింది. నేను డబ్బాలో లేను. గూట్లో, మెత్తటి గుడ్డ మీద, సాసరు పైన కూర్చుంటాను. రోజూ మెయిలు వెళ్ళాక ఆమె నన్ను దించి వేడి టీ పోసి, కొంగు చుట్టి నాతోనే తాగుతుంది. సగం సాసరులో పోసి బల్లకి ఆ చివర పెడుతుంది. చల్లారాక దాన్ని స్టేషను గోడ పక్కన మొలిచిన మొక్క మొదట్లో పోసి వస్తుంది.

కోరింది దక్కింది గదా, ఇంకా ఏమిటి ఏడుపు అంటారు మీరు. ఆమె తాగుతున్నంతసేపూ నేను గమనిస్తూనే ఉంటాను. పెదవి నా మీద ఉంటుంది. కళ్ళు మాత్రం సాసరు మీదే ఉంటాయి.